పదకొండు సాయంత్రాలు

ఐన్ ఖాలిద్, దోహా
ఆగస్టు 3, ఆదివారం

అమ్మా మోనికా,

మీ అత్తయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ మావయ్యా క్షేమం. ఆస్టిన్ నిన్న మధ్యాహ్నం దిగాడు. ఫెబిని నీ దగ్గర దించి వచ్చిన మనిషి కదా, నాలుగు మాటలు చెబుతాడని అన్నం వడ్డిస్తూ ఎదురుచూశాను. "ఎలా ఉందిరా పిల్ల?" అన్నాను. "బాగానే ఉందమ్మా" అన్నాడు. తిని పడుకున్నాడు.

నిన్నటి వీడియో కాల్ గురించి నువ్వన్నది నిజమే. ఫెబి నన్ను చూసి ఫోన్ తిప్పింది, వెనకాల ఉన్నానేమోనని. లేకపోయేసరికి తల నేలకేసి కొట్టుకుంది. "నెల్లాళ్ళు వీడియో వద్దు అత్తయ్యగారూ" అన్నావు. వద్దు. ఇలా నోటుపుస్తకంలో రాస్తాను, మీ మావయ్య ఫోటో తీసి పంపుతారు. నువ్వూ అలాగే రాయి. ఫోన్లో టైపు చేసిన ముక్కలు నాకు చదివినట్టు ఉండవు.

పదో నెలలో పిల్లని నా చేతిలో పెట్టి వియన్నా వెళ్ళావు. ఇప్పుడు దానికి రెండేళ్ళు దాటాయి. ఈ పదహారు నెలలు నర్సు పరీక్షలనీ భాష అనీ వీసా అనీ నువ్వు ఒక్కసారీ రాలేకపోయావు, అది నీ తప్పు కాదు. ఆగస్టు ఆఖరు దాకా నీకు సెలవు, ఈలోగా ఊరంతా తిప్పి చూపిస్తే నీకు అలవాటు పడుతుందని అన్నావు. మంచి ఆలోచన. అందుకు పనికొచ్చేవి రాస్తున్నాను.

ఆరూ పదికి లేస్తుంది. లేవగానే మాట్లాడించకు, పావుగంట ఊరికే వదిలేయి. రాగి జావ స్టీలు గ్లాసులోనే తాగుతుంది, రంగు కప్పులో పోస్తే తోసేస్తుంది. స్ట్రోలర్‌లో ఇరవై నిమిషాలకు మించి కూర్చోదు, ఆ తర్వాత నడిపించాలి, నడిచాక ఎత్తుకోవాలి. రోజుకి ఒక్క చోటే చూపించు. పదింటికి బయల్దేరి పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉండాలి. బాత్‌రూముల్లో చేతులు ఆరబెట్టే మిషను మోత దానికి పడదు. పెరుగన్నం చల్లగా ఉంటే తినదు, డబ్బాని టవల్లో చుట్టు. మిగతావి వెనక పేజీల్లో ఉన్నాయి, మొత్తం నాలుగు పేజీలు.

ఇంకొకటి. సెప్టెంబరు ఒకటిలోగా పిల్ల నీ దగ్గర కుదురుకోకపోతే తిరిగి ఇక్కడికే పంపేస్తానని ఆస్టిన్‌తో అన్నావట. వాడి కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉంది కాబట్టి ఆ ఏడాదీ మా దగ్గరే ఉంటుంది. ఆ మాట మీద నేనేమీ అనను. నీ బిడ్డ, నీ ఇష్టం. ఫెబి మంచం మాత్రం ఇంకా తీయలేదు.

మీ అత్తయ్య
లూర్దమ్మ


వియన్నా
ఆగస్టు 6

అత్తయ్యగారికి,

వందనాలు. మీ నాలుగు పేజీలూ ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆస్పత్రిలో కూడా పేషెంటుని అప్పగించేటప్పుడు ఇంత వివరంగా ఎవరూ రాయరు.

ఈ మూడు రోజులూ బాగా తిరిగాం. సోమవారం పదింటికి షోన్‌బ్రున్ అని రాజుల భవనం ఉంది, దాని వెనక తోట చూశాం. మన రయ్యాన్ స్టేడియంలాంటివి నాలుగు పడతాయేమో అందులో. పదకొండింటికి ప్రాటర్ పార్కుకి వెళ్ళి పెద్ద చక్రం చూశాం. నూరేళ్ళు దాటిన చక్రమట, ఒక్కో డబ్బా మన హాలంత ఉంటుంది. ఎక్కలేదు గానీ కింద నిలబడి చూశాం. నిన్న డాన్యూబ్ ఒడ్డున బాతులకి మేత వేశాం. ఇవాళ పునీత స్తెఫాను దేవాలయం. పైకప్పు మీద రంగు రంగుల పెంకులు చాప అల్లినట్టు పేర్చారు, మీరు చూస్తే కన్ను తిప్పరు. గుడి ముందు గుర్రబ్బళ్ళు వరసగా నిలబడి ఉంటాయి. ఫెబి చాలా సంతోషంగా ఉంది. బాగా తింటోంది, నాతో బాగానే ఉంటోంది. మీరు బెంగపెట్టుకోవద్దు.

కింది అంతస్తులో సుర్రయ్యా ఉంటుందని చెప్పాను కదా, కడప అమ్మాయి, నాతోపాటే నర్సు. ఫెబికి బొమ్మ కుందేలు తెచ్చింది.

ఒక చిన్న సంగతి అడగాలి. సాయంత్రం అయిదయ్యేసరికి ఫెబి బీరువా తలుపు దగ్గరికెళ్ళి తడుతోంది. తీస్తే బట్టల మధ్య వెతుకుతోంది. ఏం కావాలని అడిగితే చెప్పదు. అక్కడ బీరువాలో దాని బొమ్మలు పెట్టేవారా?

మీ కోడలు
మోనికా


ఐన్ ఖాలిద్
ఆగస్టు 9, శనివారం

అమ్మా మోనికా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం వేసింది. రెండోసారి లెక్క కుదరలేదు.

సోమవారం పదింటికి రాజభవనం తోట, పదకొండింటికి చక్రం అని రాశావు. ఆస్టిన్‌ని మ్యాపు తీయమన్నాను. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకొకటి ఆ చివర. రెండు రైళ్ళు మారాలి. స్ట్రోలరుతో, రెండేళ్ళ పిల్లతో, తోట చూసి, గంటలో అక్కడికి చేరడం అయ్యే పని కాదు. పైగా పిల్ల ఏమన్నదో ఒక్క ముక్క రాయలేదు. ఫెబి గుర్రాన్ని చూస్తే ఊరుకునే పిల్లా? ఇక్కడ పిల్లిని చూసినా "యల్లా మామ్మా, పద" అని చెయ్యి పట్టి లాగేది.

నన్ను సంతోషపెట్టడానికి రాశావని తెలుసు. ఏం చూశారో రాయక్కర్లేదు. ఏం చూడలేకపోయారో రాయి.

బీరువా సంగతి పెద్దదేం కాదు. ఇక్కడి అలవాటు. పోను పోను మర్చిపోతుంది.

ఇక్కడ ఎండ సంగతి నీకు తెలిసిందే. కారు తలుపు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మీ మావయ్య మెసయీద్ డ్యూటీ నుంచి అలిసిపోయి వస్తున్నారు. నిన్న పొద్దున్న ఆరింటికి నేను రాగి జావ కలుపుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఎవరికే అది?"

"నాకే."

"నీకు జావ ఎప్పుడు పడింది? నీ డ్యూటీ ఖలాస్ లూర్దూ. పదహారు నెలలు ఒక్క ఆఫ్ లేకుండా చేశావు, కాసేపు పడుకో."

జావ నేనే తాగాను. బాగానే ఉంది.

మీ అత్తయ్య
లూర్దమ్మ


వియన్నా
ఆగస్టు 13

అత్తయ్యగారికి,

మీ దగ్గర అబద్ధం నిలవదని తెలిసి కూడా రాశాను. క్షమించండి.

మేం ఏమీ చూడలేదు. సోమవారం భవనం గేటు దాకా వెళ్ళాం. లోపలికి రానని ఫెబి గేటు ఊచలు పట్టుకుని నలభై నిమిషాలు ఏడిచింది. నేను ముట్టుకుంటే ఒళ్ళు బిగదీసుకుంది. ఇంటికొచ్చేశాం. చక్రం రైలు కిటికీలోంచి కనబడింది, అంతే. బాతులు నిజమే, కానీ మేత వేసింది నేను. ఫెబి నా వైపు వీపు పెట్టి కూర్చుంది. గుడి గుమ్మంలో నేల మీద పడుకుని కాళ్ళు కొట్టుకుంది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆగి చూస్తున్నారు. తలకి గుడ్డ కట్టుకున్న ముసలావిడ ఒకావిడ వంగి ఏదో అంది. ఫెబి లేచి ఆవిడ గౌను పట్టుకుంది అత్తయ్యగారూ. ముక్కూ మొహం తెలియని మనిషి. ఆవిడ నా చేతికి అందించబోతే ఆవిడ మెడ వాటేసుకుంది. ఆవిడ నన్ను పైకీ కిందకీ చూసింది. ఈ పిల్ల నీ పిల్లేనా అన్నట్టు.

నన్ను ఆంటీ అంటోంది. మొదట్లో సరదా అనుకున్నాను. మొన్న సాయంత్రం నా ఫోన్ తీసుకుని నల్లటి తెర మీద వేలితో కొడుతూ "అమ్మ మాఫీ, అమ్మ మాఫీ" అంది. అక్కడ అరబ్బుల దుకాణాల్లో సరుకు లేదనడానికి అంటారే, ఆ మాట. నేను ఎదురుగా కూర్చుని "ఫెబీ, నేనే అమ్మని" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. "కాదు. ఆంటీ" అంది. కోపంగా కాదు, తెలియనివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. ఫోన్లో నా పాత ఫోటో కనబడితే దానికి ముద్దు పెట్టింది.

సుర్రయ్యా నన్ను తిట్టింది. "నువ్వేం మనిషివి మోనికా, ఐసీయూలో అంతమందిని చూసుకుంటావు, మూడడుగుల బిడ్డకి భయపడతావా" అంది. తిట్టి, తనే నా పక్కన కూర్చుని ఏడ్చింది.

నేను ఇంట్లో ఉన్నంతసేపు అది గోడవారన కూర్చుంటోంది. బరువు తగ్గింది, మూడు వందల గ్రాములు. ఇది నా సంతోషం కోసం పిల్లని బాధపెట్టడమేనని అనిపిస్తోంది. సుర్రయ్యా ముప్ఫయ్యో తేదీన దోహా మీదుగా ఇండియా వెళుతోంది. ఫెబిని తీసుకొచ్చి ఎయిర్‌పోర్టులో మీకు అప్పగిస్తానంది. టికెట్ ఇంకా తీయలేదు. ఆస్టిన్ నీ ఇష్టం అంటున్నాడు. నా ఇష్టం ఏమిటో నాకు తెలియడం లేదు.

దాన్ని పెంచింది మీరు. పంపమంటారా, వద్దంటారా? మీరు ఏది చెబితే అది చేస్తాను.

మోనికా


ఐన్ ఖాలిద్
ఆగస్టు 15, శుక్రవారం

అమ్మా మోనికా,

ఇవాళ మరియమాత మోక్షారోపణ పండుగ. గుడికి వెళ్ళి వచ్చి రాస్తున్నాను.

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. చదవగానే నేనేం చేశానో చెబుతాను. ఫెబి మంచం మీద దుప్పటి మార్చాను. స్టీలు గ్లాసు తోమి బోర్లించాను. మీ మావయ్య డ్యూటీ నుంచి రాగానే "పిల్ల వచ్చేస్తోంది" అన్నాను. ఆయన బూట్లు విప్పుకుంటూ "నీకు నవ్వొస్తోంది లూర్దూ" అన్నారు. అద్దంలో చూసుకుంటే నిజమే. నువ్వు అక్కడ ఏడుస్తుంటే నేనిక్కడ నవ్వుతున్నాను. నిన్నంతా జవాబు రాయలేకపోయాను. ఇవాళ పూజకి ముందు పాపసంకీర్తనం చేశాను. ఫాదర్‌కి చెప్పింది నీకూ చెప్పాలి, ఎందుకంటే తప్పు చేసింది నీ పట్ల.

బీరువా సంగతి అలవాటని రాసి ఊరుకున్నాను. అది ఇది. రోజూ ఇక్కడ ఆరింటికి, అక్కడ అయిదింటికి, నువ్వు బ్రేకులో కాల్ చేసేదానివి. పది నిమిషాలు మాట్లాడి పెట్టేసేదానివి. పెట్టేశాక పిల్ల ఏడ్చేది. అప్పుడు నేను ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో చీరల మీద పెట్టి, తలుపు మూసి, "అమ్మ పడుకుంది. రేపు లేస్తుంది" అనేదాన్ని. పిల్ల ఊరుకునేది. రేపు మళ్ళీ ఆరింటికి బీరువా తెరిచి "అమ్మ లేచింది" అని తీసేదాన్ని. పదహారు నెలలు ఇదే జరిగింది. ఏడుపు మాన్పించడానికి దొరికిన ఉపాయం అనుకున్నాను. దాని తల్లి ఆ ఫోన్లో ఉండే జానెడు బొమ్మ అని నేను నేర్పిస్తున్నానని ఎన్నడూ తోచలేదు. ఇప్పుడు దాని ఎదురుగా నడిచే మనిషి ఎవరో దానికెలా తెలుస్తుంది? తలా భుజాలూ తప్ప నీకు ఇంకేమైనా ఉంటాయని కూడా అది చూసి ఎరగదు. నిన్ను కాదంటున్నది అది కాదమ్మా. దానికి చెప్పింది చెప్పినట్టు నమ్మింది, అంతే.

రెండోది ఇంకా కష్టం. పిల్ల నిద్రపోయిందని నీతో చెప్పిన రోజుల్లో పదకొండుసార్లు అది నిద్రపోలేదు. రోజూ ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడుకుందో పుస్తకంలో రాసేదాన్ని కాబట్టి లెక్క తెలుసు. నీకు చెప్పింది ఒకటి, పుస్తకంలో రాసుకుంది ఒకటి. పుస్తకంలో అబద్ధం రాయడం నాకు చేతకాలేదు. ఎందుకు చేశానంటే, కాల్ అయ్యాక గంటసేపు అన్నం ముట్టదు, పని పెరుగుతుంది. ఇది సగమే నిజం. మిగతా సగం, ఆ పది నిమిషాలు అది నన్ను మర్చిపోయేది. అది నాకు ఓర్వలేకుండా ఉండేది.

పంపమంటారా వద్దంటారా అని అడిగావు. వద్దు. పంపకు. నాకు కావాలి కాబట్టే వద్దంటున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఫోన్లో ఉన్న తల్లిని పిల్ల కళ్ళముందే మెల్లగా బయటికి రప్పించాలి. ఆ తోట లాంటి పెద్ద ఖాళీ చోటుకి వెళ్ళండి, ఎటు చూసినా అడ్డం లేనిది. గేటు దగ్గర ఏడుస్తుంది, సుర్రయ్యా ఎత్తుకుంటే రావచ్చు. తను పిల్లతో ఒకచోట కూర్చోవాలి. నువ్వు దూరంగా, కనబడీ కనబడనంత దూరంలో నిలబడి కాల్ చెయ్యి. ఆరింటికి మాట్లాడినట్టే మాట్లాడు. మాట్లాడుతూనే నడువు. మాట ఆపకు, పరుగెత్తకు. జుట్టు పైకి ముడి వేసుకో, కళ్ళజోడు పెట్టుకో, ఆస్పత్రి చొక్కా రంగుది ఏదైనా తొడుక్కో. ఫెబి వస్తుందని నువ్వు జుట్టు కత్తిరించుకుని లెన్సులు పెట్టుకున్నావని ఆస్టిన్ చెప్పాడు. అందంగానే ఉంటావు, కానీ దానికి తెలిసిన మనిషివి కావు. దగ్గరికి వచ్చాక చేతులు చాచకు. కాల్ నువ్వు పెట్టేయకు. ఫోన్ అదే వదిలేదాకా ఆగు.

నన్ను నువ్వు ఏమన్నా పడతాను.

లూర్దమ్మ


వియన్నా
ఆగస్టు 16

అత్తయ్యగారూ,

మా వార్డు వెనక మెట్ల దగ్గర ఒక కిటికీ ఉంది. సిగ్నలు అక్కడే బాగుంటుంది. బ్రేకు ఇరవై నిమిషాలు. టీ తాగకుండా, బాత్‌రూముకి పోకుండా ఆ కిటికీ దగ్గరికి వెళ్ళేదాన్ని. మీరు నిద్రపోయిందన్న రోజుల్లో కూడా వెంటనే లోపలికి వెళ్ళేదాన్ని కాదు. లేస్తుందేమో, మీరు మళ్ళీ చేస్తారేమో అని ఇరవై నిమిషాలూ అక్కడే నిలబడేదాన్ని.

ఇప్పుడు ఇంకేం రాయలేను. ఆ పదకొండు తేదీలూ, ఆ సాయంత్రాలు అది ఏం చేసిందో, మీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పంపండి.

మోనికా


ఐన్ ఖాలిద్
ఆగస్టు 17

మోనికాకి,

పుస్తకంలో ఉన్నదీ, చూస్తే గుర్తొచ్చినదీ రాస్తున్నాను.

పోయినేడు సెప్టెంబరు 12. కుక్కరు మూత తల మీద పెట్టుకుని ఫాదర్‌లాగా నడిచింది. మీ మావయ్య దీవించమని తల వంచితే మూత తీసి ఆయన నెత్తి మీద పెట్టింది.

అక్టోబరు 3. జపమాల చెబుతుంటే మధ్యలో తనూ ఏదో గొణిగింది. ఆమెన్ మాత్రం బాగా పలికింది.

అక్టోబరు 30. పైన ఉండే తహెరున్నీసా గారు సేమ్యా పంపారు. గిన్నె మొత్తం తన ఒళ్ళోకి వంపుకుంది. స్నానం చేయిస్తుంటే నీ కాల్ వచ్చింది. తడి చేతులతోనే అబద్ధం చెప్పాను.

డిసెంబరు 24. ఇంటినిండా జనం. నీ గురించి అందరూ అడుగుతున్నారు. పిల్ల పశువులపాకలోంచి బాలయేసు బొమ్మని తీసి జేబులో వేసుకుంది. రెండు రోజులు వెతికాం. ఆ రోజు నిన్ను మాట్లాడించి ఉండాల్సింది. పండగపూట.

జనవరి 19. ఏమీ చెయ్యలేదు. కిటికీ దగ్గర కూర్చుని కార్లు చూసింది. కారణం కూడా ఏమీ లేదు. నాకు విసుగ్గా ఉంది, అంతే.

మార్చిలో 4, 5, 6 వరసగా మూడు. నాకు నడుం నొప్పి. పిల్ల నా పక్కలో పడుకుని నా చీర కొంగుకి ముడులు వేసింది. మూడు రోజులూ అదే ఆట. విప్పడానికి నాకు అరగంట పట్టేది.

ఏప్రిల్ 22. గాజులు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, రెండు, రెండు.

జూన్ 10. నీలాకాశం చూపించి "అమ్మ చొక్కా" అంది. నీ ఆస్పత్రి చొక్కా నీలం కదా. ఇది నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఆ రోజు మెలకువగా ఉందని తెలిసిపోతుందని మానేశాను.

ఇవి పది. అన్నిటికంటే మొదటిది చివర రాస్తున్నాను, చెయ్యి ముందుకు సాగక.

పోయినేడు జూలై 8. సోఫా దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా నడిచింది. ఏడు అడుగులు. మొదటిసారి. నీ కాల్‌కి ఫోన్ బల్ల మీద మోగుతోంది. ఫోన్ తియ్యడానికి చెయ్యి తిప్పితే అది పడుతుందని నన్ను నేను నమ్మించుకున్నాను. అది నా దగ్గరికి వచ్చి పడింది. తర్వాత ఫోన్ తీసి నిద్రపోయిందన్నాను. మర్నాడు కాల్‌లో, ఆ పొద్దున్నే నడిచిందని నీకు చెప్పాను. నువ్వు ఆ కిటికీ దగ్గరే ఉండి ఉంటావు. ఏడ్చావు. నేను విన్నాను.

లూర్దమ్మ


వియన్నా
ఆగస్టు 24, ఆదివారం

అత్తయ్యగారికి,

వందనాలు. వారం రోజులు రాయలేదు. మొదటి రెండు రోజులు కోపంతో. తర్వాత తీరిక లేక.

మీ ఉత్తరం చదివి సుర్రయ్యాకి చెప్పాను. "మీ అత్త దొంగదే, కానీ తెలివైన దొంగ. తాళం యాడుందో కూడా తనే చెప్పింది. పద, పోదాం" అంది. బుధవారం వెళ్ళాం.

భవనం వెనక కంకర దారి చాలా పొడవు, తోట చివర కొలను, దాని వెనక గుట్ట. సుర్రయ్యా కొలను గట్టు మీద ఫెబిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుందేలు బొమ్మ ఉండబట్టి గేటు దగ్గర పెద్దగా ఏడవలేదు. నేను ఇవతలి చివర, భవనం మెట్ల దగ్గర నిలబడ్డాను. జుట్టు ముడికి సరిపోలేదు, పిన్నులు గుచ్చాను. కళ్ళజోడు, నీలం చొక్కా. ఫోన్ రెండుసార్లు చేతిలోంచి జారింది.

కాల్ చేశాను. "అమ్మ లేచింది" అనమని సుర్రయ్యాకి చెప్పి ఉంచాను. ఆ మాట వినగానే ఫెబి రెండు చేతులతో ఫోన్ లాక్కుంది. అత్తయ్యగారూ, ఎన్ని రోజులకి నవ్విందో. నాకు కుందేలు చూపించింది. తన చెప్పులు చూపించింది. "ఆంటీ" గురించి చెప్పింది. ఆంటీ ఇంట్లో ఉందట, ఆంటీ ఏడుస్తుందట. నేను "అలాగా" అంటూ నడుస్తూనే ఉన్నాను.

సగం దారి వచ్చేసరికి నా మాట రెండుగా వినబడుతోందని సుర్రయ్యా తర్వాత చెప్పింది. గాలిలోంచి ఒకటి, కాస్త ఆగి ఫోన్లోంచి ఒకటి. ఫెబి ఫోన్ చెవికి పెట్టుకుని చుట్టూ చూసింది. నన్ను చూసింది. ఫోన్లోకి చూసింది. నేను మాట ఆపలేదు. ఏం మాట్లాడానో గుర్తు లేదు. పెరుగన్నం అన్నాను, గుర్రం అన్నాను. నాలుగడుగుల దూరంలో ఆగి కూర్చున్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

పరుగెత్తుకుని రాలేదు. సుర్రయ్యా ఒళ్ళోంచి దిగి, మెల్లగా నా చుట్టూ ఒకసారి తిరిగింది, ఫోన్ని తిప్పి చూసినట్టు. తర్వాత ముందుకొచ్చి నా బూటు మీద చెయ్యి వేసింది. "కాళ్ళు" అంది. సుర్రయ్యా వైపు తిరిగి, చాలా పెద్ద వార్త చెప్పినట్టు, "అమ్మకి కాళ్ళు" అంది.

"అవునే బంగారూ, రెండున్నాయి, లెక్కబెట్టుకో" అంది సుర్రయ్యా. ముక్కు చీదుతూ.

సుర్రయ్యా ఫోన్ మాత్రం వదల్లేదు, తను మా దగ్గరే ఉంచేసింది. ఆ రోజంతా కాల్ ఆన్‌లోనే ఉంది. ఒక పక్క నన్నూ ఇంకో పక్క ఫోన్లో నన్నూ చూసుకుంటూ ఇంటికి వచ్చింది. గురువారం ఫోన్లో అమ్మకి జావ పట్టబోయింది. శుక్రవారం సాయంత్రం ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి, తలుపు వేసి, వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఇంక దానికోసం అడగలేదు.

నిన్న నిజంగా ఊరు చూశాం. గుర్రాన్ని ముట్టుకుంది. అది తుమ్మితే తనూ తుమ్మింది. ట్రామ్ ఎక్కాక నా భుజం మీద నిద్రపోయింది. దిగాల్సిన స్టాపు వచ్చింది. లేపలేదు. ఇంకో స్టాపు, ఇంకో స్టాపు, ఊళ్ళో పెద్ద పెద్ద భవనాలన్నీ కిటికీలోంచి వెళ్ళిపోయాయి. నేను ఒక్కటీ చూడలేదు. మెడ తిప్పితే లేస్తుందని. డ్రైవరు వచ్చి ఆఖరి స్టాపని చెప్పాడు. దిగి చూస్తే శ్మశానం గేటు. అక్కడి బెంచీ మీద కూర్చుని ఇద్దరం అరటిపండు తిన్నాం. మీ పట్టిక ప్రకారం పన్నెండున్నరకి ఇంట్లో ఉండాలి. మూడైంది.

టికెట్ తీయడం లేదు. సుర్రయ్యా ఒక్కతే వెళుతుంది.

నాకు కోపం పూర్తిగా పోలేదు. జూలై ఎనిమిదిని తలుచుకుంటే మళ్ళీ వస్తుంది. కానీ ఆ పదకొండు సాయంత్రాలూ మీరు రాయకపోతే నా దగ్గర ఉండేవే కావు. ఆ కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నాను.

ఫెబి మిమ్మల్ని అడుగుతోంది. ఏడుపు లేకుండానే. రేపు సాయంత్రం వీడియో చేద్దామా?

మోనికా


ఐన్ ఖాలిద్
ఆగస్టు 25

అమ్మా మోనికా,

నీ ఉత్తరం మీ మావయ్య పైకి చదివారు. "కాళ్ళు" దగ్గర ఆగి, నీళ్ళు తాగి వస్తానని లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మిగతాది నేను చదువుకున్నాను.

వీడియో వద్దు. నీ దగ్గర్నుంచి నేను లాక్కున్న చనువుని ఇప్పుడిప్పుడే అది నీ దగ్గర వెతుక్కుంటోంది. ఈ పూట మధ్యలోకి నేను రాకూడదు. నన్ను అడిగితే, మామ్మ దోహాలో ఉంది, విమానం ఎక్కి వస్తుందని చెప్పు. పడుకుందని మాత్రం చెప్పకు.

వస్తాను కూడా. ఆస్టిన్ వీసా కాగితాలు సిద్ధం చేస్తున్నాడు. అక్టోబరు మధ్యలో అంటున్నాడు. రెండు వారాలు. విజయవాడా దోహా తప్ప మూడో ఊరికి విమానం ఎక్కి ఎరగను. చలికి ఏం తొడుక్కోవాలో రాయి. అక్కడి వంటింట్లో నాకు పని ఉంచకు, ఉంచితే నీ పద్ధతి మార్చేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

ఫెబి మంచం ఇవాళ విప్పించాం. ఎదురింటి నఫీసా కోడలికి ఏడో నెల, వాళ్ళకి ఇచ్చాం.

నన్ను ఎయిర్‌పోర్టుకి వచ్చి తీసుకెళ్ళాలని పిల్లని అంత దూరం తిప్పకు. నేను టాక్సీలో వస్తాను. బెల్లు కొడతాను. తలుపు నువ్వే తియ్యి, పిల్లని చంకలో పెట్టుకుని తియ్యి. నన్ను చూసి నా మీదికి దూకితే సరే. కొత్త పడి నీ మెడ గట్టిగా పట్టుకుంటే, విడిపించబోకు. గుమ్మం బయటే కాసేపు నిలబడతాను. ఎన్ని రోజులు పట్టినా సరే, మీ ఇద్దర్నీ అలా చూడ్డానికే వస్తున్నాను.

మీ అత్తయ్య
లూర్దమ్మ